తిత్తి నొక్కిన చేతులు

నన్ను తాచుపాము కరిచింది పట్టపగలు. భోజనాలయ్యి, ఎంగిళ్లు ఎత్తి, సాయంత్రం పొయ్యిలోకి నాలుగు కొబ్బరి డొక్కలు తెచ్చుకుందామని పశువులపాక వెనక్కి వెళ్లాను. అక్కడ డొక్కలు నడుమెత్తు పోగుపోసి ఉండేవి. వంగి చెయ్యి పెట్టగానే మణికట్టు దగ్గర చురుక్కుమంది. ఈనె గుచ్చుకుందనుకుని చెయ్యి వెనక్కి తీసుకునేసరికి, సందులోంచి అది సగం లేచి పడగ విప్పి చూస్తోంది. నేను కేక వెయ్యలేదు. ఎందుకో దానికి దారి ఇస్తున్నట్టు రెండడుగులు పక్కకు జరిగాను. అది తీరుబడిగా కంచె కిందనుంచి పోయింది.

యాభైల నడిమి మాట ఇది. మా అత్తవారి ఊరు కొత్తపేటకు దగ్గర్లో, కాలవ గట్టు మీద. మా ఇంట్లో మా ఆయన, మా అత్తగారు, నేను, ఏడాది నిండని నా కూతురు. మామగారు నా పెళ్లికి ముందే పోయారు. కొద్దిపాటి కొబ్బరితోట, కొంత చేను. మా అత్తగారు మాట కటువు మనిషి. చెడ్డావిడ కాదు, కానీ మంచి మాట పైకి అంటే దిష్టి తగులుతుందన్నట్టు ఉండేవారు. నేను ఆత్రేయపురం నుంచి ఆ ఇంటికి వచ్చి మూడేళ్లవుతున్నా, నా వంట బాగుందని ఒక్కసారి అనలేదు.

"అత్తయ్యగారూ, పాము కరిచిందండి" అని చెప్పాను. పాలు ఒలికిపోయాయని చెప్పినట్టే చెప్పానట.

ఆవిడ చేతిలోని చేట కింద పడింది. నా చెయ్యి చూసి, తన కొంగు చింపి మోచేతి పైన కట్టారు. చావడి దగ్గరున్న మా ఆయన పరిగెత్తుకొచ్చారు.

"మంత్రం వేసే ఆయన్ని పిలువురా" అన్నారు అత్తగారు.

"ఆయన పెళ్లికెళ్లేరమ్మా. రేపు గాని రారంట."

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించారు. "అయితే ఆసుపత్రికే పద. నించుంటావేం?"

ఆ మంత్రగాడు పెళ్లికి వెళ్లినందుకు నేను ఈనాటికీ ఆయనకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఊళ్లో ఉంటే వేపమండలు పట్టుకుని నా పక్కన కూర్చునేవారు. పాపం ఆయన మంచివారే. కానీ సాయంత్రానికి నేను ఉండేదాన్ని కాదు.

నులకమంచం మీద పడుకోబెట్టి, నలుగురు భుజాన వేసుకుని కాలవ గట్టు మీద నడిచారు. మా అత్తగారు పిల్లని పక్కింటి వదినగారి చేతిలో పెట్టి, చెప్పులైనా లేకుండా వెనక వచ్చారు. దారిలో కాలవలో పడవ వెళుతోంది. చూస్తూండగా అది రెండు పడవలైంది. కొబ్బరిచెట్లు కూడా రెండేసి కనబడ్డాయి. కళ్లు నులుముకుందామంటే రెప్పలు బరువెక్కి దిగిపోతున్నాయి. నోట్లో నీరూరుతోంది గాని మింగుడు పడటం లేదు. "ఏవండీ" అని పిలిస్తే ముక్కుతో మాట్లాడినట్టు వేరే ఎవరిదో గొంతు వచ్చింది. అప్పుడు భయం వేసింది.

ఆసుపత్రి మిషను వాళ్లది. పెంకుటిల్లు, పొడుగాటి వరండా. అక్కడి డాక్టరమ్మగారు తెలుగావిడే, క్రైస్తవులు, మద్రాసులో చదివారు. నలభై ఏళ్లుంటాయి. తెల్లచీర, వెడల్పాటి నుదురు. ఆవిడ దగ్గర పనిచేసే నర్సమ్మ మా ఊరి పక్క పేట అమ్మాయి. వాళ్లమ్మ ఊడ్పుల రోజుల్లో మా చేలోకి పనికి వచ్చేది. వచ్చినప్పుడు మా పెరటి గుమ్మం బయట దోసిలి పట్టి నిలబడితే, మా అత్తగారు ఎత్తునుంచి నీళ్లు పోసేవారు. ఈ అమ్మాయి మిషను బడిలో చదువుకుని నర్సు అయింది. వరండాలో మా అత్తగారిని చూసి "రండండి" అంది. అత్తగారు తల ఊపారు, అంతే.

డాక్టరమ్మగారు నన్ను చూస్తూనే విరుగుడు మందు సూది ద్వారా ఎక్కించారు. "మందు పనిచెయ్యడానికి టైము పడుతుందండి. ఈలోగా ఊపిరి నిలవాలి" అని మా ఆయనతో అనడం విన్నాను. అప్పటికే నా రెప్పలు పూర్తిగా మూసుకుపోయాయి. వేలు కదపలేను, నాలుక కదపలేను. కానీ చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. ఇంతకుముందెన్నడూ లేనంతగా పనిచేస్తున్నాయి. ఆ రోజుల గురించి ఇక మీదట చెప్పేదంతా నేను విన్నదీ, ఒంటికి తెలిసిందీ, తరవాత వాళ్లు చెప్పిందీ.

ముందు నా ముక్కు మీద ఏదో తొడుగు పెట్టారు. చల్లటి గాలి తగిలింది. ఆక్సిజన్ అంటారే, అది. ఇనప సిలిండరులోంచి వచ్చేది. న్యుమోనియా రోగుల కోసం ఆసుపత్రిలో ఉంచేవారు. అది ముక్కు దగ్గర సుయ్యిమంటోంది గాని నాకు లోపలికి రావడం లేదు. వంటింట్లో అన్నం ఉండి, లేచి వెళ్లి పెట్టుకోవడానికి ఓపిక లేనట్టుంది నా పని.

"పెదాలు నల్లబడుతున్నాయండి" అంది నర్సమ్మ.

మా ఆయన గొంతు మంచం దగ్గరకొచ్చింది. "ఆక్సిజన్ పెట్టేరు కదండీ. మరి ఏంటండీ ఇది?"

"పెట్టేనండి. ఆవిడ పీలిస్తేనే కదండీ లోపలికి వెళ్లేది? పీల్చే కండరాలు పడిపోతున్నాయి. ఆవిడ పీల్చలేకపోతే మనం పీల్పించాలి. సిస్టర్, ఆ బల్ల తీసుకురా అమ్మా" అన్నారు డాక్టరమ్మగారు.

చక్రాల బల్ల ఒకటి గడగడమంటూ వచ్చింది. దాని మీద ఉన్న సరంజామా నేను కళ్లతో చూసింది తరవాత, కోలుకున్నాక. హార్మోనియం వెనక మడతల తిత్తి ఉంటుంది చూడండి, అలాంటిదే, గుండ్రంగా, రబ్బరుతో చేసింది. పైన చెక్కపిడి. పిడి పైకి లాగితే తిత్తి విచ్చుకుని గాలి నింపుకుంటుంది, కిందికి నొక్కితే ఆ గాలిని గొట్టంలోంచి మనిషి ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. యుద్ధం అయిపోయాక పటాలం వాళ్లు వదిలించుకున్న సామాన్లలోంచి డాక్టరమ్మగారు మద్రాసు నుంచి తెప్పించుకున్నారట. ఆ తిత్తి గాలి పీల్చుకునే చోట, ఎర్రరబ్బరు గొట్టంతో నా ముక్కుకి పెట్టిన ఆక్సిజన్ సిలిండరునే కలిపేశారు. రెంటినీ ఒకే బల్లకి బిగించేశారు. ఊపిరి ఆడించేదీ, ఆ ఊపిరికి సత్తువిచ్చేదీ రెండూ ఒకటే అయిపోయాయి.

అది నాకు అందాలంటే గొంతులో దారి చెయ్యాలన్నారు డాక్టరమ్మగారు. మెడ కింద చిన్న గాటు పెట్టి గొట్టం దించాలి.

మా అత్తగారు మంచానికీ ఆవిడకీ మధ్య అడ్డం వచ్చేశారు. "గొంతు కోత్తారా అండీ? నా కోడలి గొంతు కోత్తారా?"

"ఊపిరికి దారి చేస్తున్నానండి. నోట్లో ఊరేదంతా ఊపిరితిత్తుల్లోకి పోతంది. ఇలాగే ఒదిలేస్తే అయిదు నిమిషాలు కూడా ఉండదు."

"దానికి ఏడాది నిండని పిల్లుందండి."

"తెలుసండి. అందుకే తొందరపడుతున్నాను. పక్కకి జరగండమ్మా."

అత్తగారు జరిగారు. ఆ జరిగిన చప్పుడు, ఆవిడ వీపు గోడకి తగిలిన చప్పుడు, నాకు ఇంకా చెవుల్లో ఉంది.

కోత నొప్పి పెద్దగా తెలియలేదు. అప్పటికే నేను ఎక్కడికో జారిపోతున్నాను. గోదావరి కొత్తనీరులో మునిగితే చెవుల్లో హోరు వస్తుంది, అలా ఉంది. ఇంతలో ఎవరో లోపలినుంచి నా ఛాతీని పైకెత్తారు. నేను చెయ్యని పని నా ఒళ్లు చేసింది. ఛాతీ లేచింది, దిగింది. మళ్లీ లేచింది. ఒక్కొక్క ఊపిరికీ హోరు కాస్త తగ్గి, గదిలో మనుషుల మాటలు దగ్గరకొచ్చాయి. "రంగు తిరుగుతోందండి" అని నర్సమ్మ అనేసరికి, నేను ఈ లోకంలోనే ఉన్నానని నాకు నమ్మకం కుదిరింది. పుట్టినప్పుడు తీసిన మొదటి ఊపిరి ఎవరికీ గుర్తుండదు. నాకు ఇది గుర్తుంది.

అయితే ఆ తిత్తి దానంతటది ఆడేది కాదు. ఎవరో ఒకరు నొక్కుతూనే ఉండాలి. ఆసుపత్రిలో ఉన్నది డాక్టరమ్మగారూ, నర్సమ్మ, ఒక కాంపౌండరూ. వార్డు నిండా రోగులు. పురిటికి వచ్చిన వాళ్లు అటు పక్క గదిలో. డాక్టరమ్మగారు మా ఆయన్నీ అత్తగారినీ పిలిచి చెప్పారు.

"ఎక్కడో పై దేశంలో కాళ్లూ చేతులూ పడిపోయే జబ్బు ముమ్మరంగా వస్తే, కాలేజీ కుర్రాళ్లు రాత్రింబవళ్లు వంతులేసుకుని ఇలాగే నొక్కి జనాన్ని బతికించేరని చదివేనండి. మనమూ చేద్దాం. పెద్ద విద్యేం కాదు. మీరు ఊపిరి పీల్చినప్పుడు ఆవిడకీ పీల్పించండి. మీరు వదిలినప్పుడు వదిలెయ్యండి."

"అంతేనా అండి?" అన్నారు అత్తగారు.

"అంతేనండి. కానీ ఆపకూడదు."

అలా వంతులు మొదలయ్యాయి. కళ్లు మూసుకుని పడి ఉన్న నాకు, తిత్తి ఎవరి చేతిలో ఉందో కాసేపట్లోనే తెలిసిపోయేది. డాక్టరమ్మగారి చెయ్యి గడియారంలా ఒక్క తీరున నడిచేది. నర్సమ్మ నొక్కితే ఊపిరి నిండిన చోట చిన్న విరామం ఉండేది, పాడే మనిషి కదా, అందుకేనేమో. పనిచేస్తూ ఏదో స్తుతిగీతం సన్నగా కూనిరాగం తీసేది. మా ఆయనతోనే వచ్చింది చిక్కు. మనిషి లోపల్లోపల ఏడుస్తున్నారు. ఏడ్చే మనిషి ఊపిరి ఎలా ఉంటుంది? ఎక్కిళ్లతో, తొందర తొందరగా. ఆయన ఊపిరి ప్రకారమే నాకూ పీల్పించమన్నారు కదా, నేనూ లోపల ఎక్కిళ్లు పెడుతూ ఉండిపోయాను. నోరుంటే "నెమ్మదండీ" అందును.

డాక్టరమ్మగారు చూసి ఆయన భుజం మీద చెయ్యి వేశారట. "మీకు ఇంతకంటే పెద్ద పని చెప్తాను. సిలిండరు ఇంకెంతోసేపు రాదండి. మన దగ్గర ఇంకోటి లేదు. రావులపాలెం రేవు దాటి రాజమండ్రి వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో అడిగి తీసుకురండి. నేను చీటీ రాసిస్తాను."

మా ఆయన వెళ్లారు. తిత్తి మా అత్తగారి చేతికి వచ్చింది.

ఆవిడ చెయ్యి మజ్జిగ చిలికే చెయ్యి. నిదానం, బరువు, నిలకడ. ఆవిడ ఊపిరి తీస్తే నాకు వచ్చేది. ఆవిడ వదిలితే నాది వెళ్లిపోయేది. మూడేళ్లు ఒకే వంటింట్లో తిరిగి మేం ఇంత దగ్గరగా ఎప్పుడూ లేము.

"ఈవిడకి వినపడుతూ ఉంటుందండి" అన్నారు డాక్టరమ్మగారు. "ఏడవకండి. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి."

"ఏం మాట్లాడనండి?"

"ఇంట్లో ఏం మాట్లాడతారో అదే."

అత్తగారు తిత్తి నొక్కుతూనే గొంతు సవరించుకున్నారు.

"అమ్మాయ్. పిల్ల పాలు తాగిందంట. పక్కింటావిడ కబురెట్టింది. నీకోసం ఏడుత్తందంట, కాసేపు ఏడిసి ఊరుకుందంట." మళ్లీ ఆగి, "కర్రావు వచ్చే నెల్లో ఈనేలా ఉంది. నువ్వొచ్చి జున్ను వండాలి. నాకు రాదు నీలాగ. నీ చేతి జున్ను గట్టిగా ఉంటది, ముక్క కోత్తే నిలబడతది. చెప్పలేదు నీకు. చెప్తే నెత్తికెక్కుతావనుకున్నాను." తిత్తి రెండు మూడుసార్లు లేచి దిగింది. "చెప్పుంటే బాగుణ్ణు. ఇప్పుడు చెప్తన్నాను. ఇనపడతందా?"

వినపడుతోందని చెప్పడానికి నాకు ఒక్క రెప్ప కూడా లేదు. కంటి మూలనుంచి నీరు జారిందట. అది చూసి ఆవిడ నర్సమ్మని కేకేసి, "ఇంటంది! ఇది ఇంటంది!" అన్నారు.

ఆ తరవాత ఆవిడ మాటలు ఆపలేదు. తన పెళ్లి సంగతి, తన అత్తగారి సంగతి, గోదావరి వరదొచ్చిన ఏడు చూరెక్కి కూర్చున్న సంగతి. ఆవిడకి ఇన్ని మాటలు ఉన్నాయని నాకు తెలియదు.

ఒక దగ్గర గొంతు బొంగురుపోయింది. మాట రావడం లేదు.

"మంచినీళ్లు తాగుతారాండి?" అంది నర్సమ్మ. "నేను నొక్కుతానండి, మీరు వెళ్లి తాగి రండి."

"ఒద్దు. ఇప్పుడే లయ కుదిరింది, చెయ్యి తియ్యను."

తిత్తి చప్పుడొక్కటే. నర్సమ్మ ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయిందని నాకు అర్థమైంది. ఆ పేట వాళ్ల చేతి నీళ్లు మా ఇళ్లలో తాగరని మా ఊరి వాళ్లకి చెప్పక్కర్లేదు.

"నించున్నావేమ్మా" అన్నారు మా అత్తగారు. "గ్లాసు నోటికి పెట్టు. ఒంచు."

గుటకలు వినపడ్డాయి. ఆ గుటకల మధ్య కూడా నా ఊపిరి తప్పలేదు. "ఇంకాసిన్ని పొయ్యి" అన్నారావిడ. ఆ ఇద్దరూ తరవాత ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. నేనూ వాళ్ల ఎదుట ఎత్తలేదు.

సిలిండరు అయిపోయే వేళకి మా ఆయన ఇంకా రాలేదు. సుయ్యిమనే చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది. తిత్తి ఆడుతూనే ఉంది, మామూలు గాలితో. ఛాతీ లేస్తూనే ఉంది. అయినా నాకు మళ్లీ ఆ హోరు మొదలైంది. నోట్లో ఊరిందంతా అప్పటికే ఊపిరితిత్తుల్లోకి దిగి, అక్కడ కాస్త చెడిపోయింది. ఊరికే గాలి ఆడిస్తే సరిపోయే స్థితి దాటిపోయాను. ఒక్క ఆక్సిజన్ ఉన్నప్పుడూ నేను మునిగాను, ఒక్క తిత్తి ఉన్నప్పుడూ మునుగుతున్నాను. రెండూ కలిసి ఉంటేనే తేలుతాను. ఈ సంగతి డాక్టర్లు పుస్తకాల్లో చదువుకుని ఉంటారు. నాకు ఒంటి మీద తెలిసింది.

"కాస్త తొందరగా, కాస్త లోతుగా నొక్కండి" అంటున్నారు డాక్టరమ్మగారు. ఆవిడ గొంతులో మొదటిసారి కంగారు విన్నాను. అత్తగారు దేవుళ్లందర్నీ పిలుస్తున్నారు. నర్సమ్మ తన దేవుణ్ణి పిలుస్తోంది. ఆ తరవాత నాకు తెలియదు.

ఈలోగా అటు జరిగింది మా ఆయన తరవాత చెప్పారు. రాజమండ్రిలో సిలిండరు దొరికింది. కానీ తిరుగుదారిలో, రావులపాలేనికి ఎదుటి గట్టున జొన్నాడ రేవుకి వచ్చేసరికి పంటు నిండిపోయి కదలబోతోంది. అప్పటికి అక్కడ వంతెన లేదు. రెండు పడవలు కలిపి మీద బల్లలు పరిచిన ఆ పంటు మీదే బళ్లూ మనుషులూ దాటాలి. పంటు మీద ఎవరో వ్యాపారిగారివి బెల్లం బస్తాలు ఉన్నాయి. ఇంకో ఇనప సరుకు ఎక్కిస్తే మునుగుతుందని పంటు నడిపే సరంగు ఒప్పుకోలేదు. మా ఆయన సంగతి చెప్పేసరికి ఆ వ్యాపారిగారు గట్టునుంచే కేకేశారట: "నా బస్తాలు దింపండయ్యా! బెల్లం రేపైనా దాటుద్ది!" కూలీలు బస్తాలు దింపి సిలిండరు ఎక్కించారు. అవతలి గట్టున బస్సు టాపు మీద కట్టారు. ఆ బస్సు డ్రైవరు దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపకుండా, స్టాపు లేకపోయినా ఆసుపత్రి గేటు ముందే ఆపాడు. ప్రయాణికులు దిగి సిలిండరు దింపారు. ఆ వ్యాపారిగారు ఎవరో, ఏ ఊరివారో మాకు తెలియలేదు. తరవాత మా ఆయన రేవులో చాలాసార్లు వాకబు చేశారు. దొరకలేదు. నా ఆయుష్షులో ఆయన బెల్లం ఉంది.

మళ్లీ ఎర్రగొట్టం తగిలించారు. తిత్తి ఆ బలమైన గాలిని నింపుకుని నాకు పంపింది. నేను తేలాను.

మందు తన పని మెల్లగా చేసుకుపోయింది. ఒక పొద్దుట నా ఎడమ రెప్ప కొంచెం లేచింది. వెలుతురు గుచ్చుకుంది. ముందు కనబడినవి చెక్కపిడి మీద రెండు చేతులు, గాజుల్లేని మణికట్లు. పైన మా అత్తగారి మొహం. జుట్టు రేగిపోయి, కళ్లు గుంటలు పడి ఉన్నాయి. ఆవిడ నన్ను చూశారు. నోరు తెరిచారు. "డాక్టరమ్మగారండీ! కళ్లు తెరిచిందండీ!" అని ఆసుపత్రి అదిరేలా అరిచారు. అరుస్తూ కూడా చేతులు ఆపలేదు. కింద, పైన, కింద, పైన.

తరవాత వేళ్లు కదిలాయి, నాలుక కదిలింది. డాక్టరమ్మగారు కాస్సేపు తిత్తి ఆపి నన్నే పీల్చుకోమనేవారు, అలసిపోతే మళ్లీ సాయం పట్టేవారు. నడక నేర్చుకునే పిల్ల వెనక చెయ్యి పట్టుకుని వచ్చినట్టుండేది. నా అంతట నేను పీల్చుకోగలిగాక కూడా కొన్నాళ్లు ఒక్క ఆక్సిజన్ మాత్రం ఉంచారు. చివరికి మెడలో గొట్టం మీద వేలు మూసి, "ఇప్పుడు మాట్లాడండమ్మా" అన్నారు.

"పిల్లేదండీ?" అన్నాను. పక్కింటి వదినగారు వరండాలోనే ఎత్తుకుని నిలబడి ఉన్నారు.

ఇంటికి పంపేముందు ఆ చక్రాల బల్ల చూపించమని అడిగాను. డాక్టరమ్మగారు తనే తోసుకొచ్చి అన్నీ విప్పి చూపించారు.

"ఇవి రెండూ వేరేగా ఉండేవమ్మా" అన్నారు. "తిత్తి ఆపరేషను గదిలో, సిలిండరు వార్డులో. కిందటేడు వానాకాలం కొబ్బరి దింపే అతన్ని తీసుకొచ్చేరు. మీలాగే తాచు. సిలిండరు పెట్టి చూసేం. అతని చేతులు ఎత్తుతూ దించుతూ ఊపిరి ఆడించి చూసేం. రెంటినీ కలపాలని నాకు తట్టేసరికి అతను లేడు. మర్నాడు కూర్చుని ఈ గొట్టం తగిలించేను. మళ్లీ ఇంకొకరికి ఆలస్యం కాకూడదని."

"ఆయనది ఏ ఊరండీ?" అని అడిగాను. చెప్పారు. రాజోలు వైపు.

ఒంట్లో కాస్త సత్తువ వచ్చాక, మా ఆయనా నేనూ పడవ ఎక్కి వెళ్లాం. ఎందుకు వెళుతున్నామో మాటల్లో చెప్పమంటే చెప్పలేను. ఆయన పోయినందువల్ల నేను బతికాననడం తప్పు. కానీ ఆయన దగ్గర డాక్టరమ్మగారు నేర్చుకున్నది నాకు ఉపయోగపడింది. అటువంటప్పుడు ఒక్కసారైనా ఆ గుమ్మం ఎక్కాలి కదా అనిపించింది.

ఆయన భార్య నా ఈడుదే. ఇంటి ముందు కొబ్బరిపీచు తాడు పేనుతోంది. మేమెవరమో మా ఆయన చెప్పారు. ఆవిడ తాడు పక్కన పెట్టి, నా మెడ మీద కొత్తగా మానిన మచ్చనే చూస్తూ ఉండిపోయింది. తప్పు చేశామా రావడం, అనిపించింది నాకు.

"కూకోండి" అని చాప వేసింది. తనూ ఎదురుగా కూర్చుని, "ఒకటి అడగొచ్చాండి?" అంది.

"అడగమ్మా."

"ఊపిరాడనప్పుడు శానా బాధా అండి? మీకు తెలుత్తాది కదండి. ఇంకెవర్ని అడగనండి నేను?"

అంతవరకూ ఆ ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన మనిషి ఆవిడకి ఎదురుపడలేదు. నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. "మొదట భయం వేసిందమ్మా. చాలా భయం. తరవాత నీళ్లలోకి దిగిపోయినట్టు ఉంది. అప్పుడు నొప్పి లేదు. దూరంగా వెళ్లిపోతున్నట్టుంది, అంతే."

ఆవిడ తల వంచుకుంది. "మా ఆయన కళ్లు మూసేసుకున్నారండి. పిలిత్తే పలకలేదండి. నేనేమో చెవి దగ్గరే కూకుని పిల్లల సంగతి చెప్తానే ఉన్నాను. డాక్టరమ్మగారు చెప్పమన్నారండి. ఊరికే నా తృప్తికి చెప్పమన్నారనుకున్నానండి. ఇనపడుద్దాండి?"

"వినపడుతుంది" అన్నాను. "నేను ప్రతి మాటా విన్నాను. పలకలేకపోయాను గాని విన్నాను. మా అత్తగారు జున్ను గురించి చెప్పిందీ, వరద గురించి చెప్పిందీ అన్నీ విన్నాను. మీరు చెప్పినవి ఆయనా విని ఉంటారు."

"నిజమేనాండి?"

"నా కూతురి మీద ఒట్టమ్మా."

ఆవిడ చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. మా ఆయన లేచి వీధిలోకి వెళ్లిపోయారు. నేను పక్కన కూర్చున్నాను. ఏడుపయ్యాక లేచి, కొబ్బరిబొండం కొట్టి నా చేతికిచ్చింది. "మీరు రాకపోతే నాకీ మాట ఎవరు చెప్పుదురండి" అంది. కృతజ్ఞత చెప్పుకుందామని నేను వెళితే, ఆవిడ నాకు చెప్పింది. అక్కడనుంచి మాకు రాకపోకలు సాగాయి. వాళ్ల పెద్దాడి పెళ్లికి వెళ్లాం. మా రెండో పిల్ల పురిటికి ఆవిడ వచ్చి పదిరోజులు ఉండి వెళ్లింది.

మా అత్తగారు పూర్తిగా మారిపోయారని చెబితే అబద్ధమవుతుంది. మడి మడే, ఆచారం ఆచారమే. కటువు మాట కటువు మాటే. కానీ నర్సమ్మ కాలవ గట్టు మీద వెళుతుంటే మాత్రం కేకేసి పిలిచి, వీధి అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఊళ్లో కొందరు సణిగారు. "నా కోడలికి ఊపిరి పోసిన పిల్ల. మీరు పోత్తారా?" అని ఒక్క మాట అనేసరికి నోళ్లు మూతపడ్డాయి. మా కర్రావు ఈనినప్పుడు జున్ను నేనే వండాను. ఆవిడ ముక్క నోట్లో వేసుకుని, "కాస్త తీపెక్కువైంది" అన్నారు. నేను నవ్వాను. ఆవిడా నవ్వారు.

ఆ బల్ల ఆసుపత్రిలో ఎందరికో పనికొచ్చింది. ఉరకలేసే కాలవలోంచి తీసిన పిల్లలకి, మత్తుమందు పడని వాళ్లకి, ఎండ్రిను పురుగుమందు తాగిన వాళ్లకి. అందరూ బతికారని కాదు. బతికిన వాళ్లు ఊళ్లలో అక్కడక్కడ ఉండేవారు. సంతలో కనబడితే ఒకరి మెడ ఒకరు చూసుకునేవాళ్లం.

కొన్నేళ్లకి డాక్టరమ్మగారికి వేరే ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. ఆవిడ వెళ్లే రోజు కాలవ రేవుకి జనం చాలామంది వచ్చారు. మా అత్తగారు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి ఇచ్చారు. డాక్టరమ్మగారు అందరితో మాట్లాడి పడవ ఎక్కబోతూ నా దగ్గర ఆగారు. గడ్డం పట్టుకుని మెడ పైకెత్తి, వెలుతురులో మచ్చ చూశారు.

"బాగా మానింది" అన్నారు. "జలుబు చేస్తే అశ్రద్ధ చెయ్యకండి."

"అలాగేనండి" అన్నాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. అవి గుర్తొచ్చేలోగా పడవవాడు గెడ వేశాడు.